కంప్యూటర్లు మారితే అక్షరాలు మారిన రోజులు

మా పావగడ తాలూకా పటం ఒకసారి తీసి చూడండి. పేరుకు తుమకూరు జిల్లాలోనిదే అయినా జిల్లాతో అంటుకొని ఉండదు. మూడు వైపులా ఆంధ్ర నేల. జిల్లా కేంద్రానికి పోవాలంటే నడుమ మడకశిర పొలిమేరలు దాటాలి. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం, సరుకులకు పోయేది హిందూపురం. నేను పుట్టి పెరిగింది ఇక్కడే గనక రెండు లిపులూ చిన్నప్పుడే పట్టుబడ్డాయి. అందరికీ అలా పట్టుబడలేదు. పుట్టినప్పటి నుంచీ తెలుగే మాట్లాడుతూ, తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేనివాళ్ళు మా ఊళ్ళలో ఇంటికి ఇద్దరు ముగ్గురున్నారు. బస్సు బోర్డు, రేషను కార్డు, పెళ్ళిపత్రిక అన్నీ వాళ్ళకు కన్నడ లిపిలోనే. ఈ సంగతి ముందుగా ఎందుకు చెబుతున్నానో చివరికి తెలుస్తుంది.

మా మేనమామ ప్రైమరీ బడి మేష్ట్రు. పగలు కన్నడంలో పాఠాలు చెప్పి, సాయంత్రాలు ఊళ్ళు తిరిగి తెలుగు పాటలు రాసుకొనేవాడు. కోలాటం పాటలు, వాన కోసం పాడేవి, నాట్ల పాటలు, శివరాత్రి జాగరణలో పాడే తత్వాలు, అన్నీ కలిపి నాలుగు నోటు పుస్తకాలు నిండాయి. 1997లో పుస్తకం వేయాలని హిందూపురంలో ఒక డీటీపీ అంగడిలో కంపోజింగుకిచ్చాడు. చేతిలో ఉన్న డబ్బు కంపోజింగుకే సరిపోయింది. కాగితానికీ, అచ్చుకూ చాలలేదు. అంగడివాళ్ళు రెండు ఫ్లాపీలూ, పదకొండు పేజీల ప్రూఫూ ఇచ్చి పంపారు. ఆయన 2004లో పోయాడు. నోటు పుస్తకాలు అటక మీద చెదలపాలయ్యాయి. అయినా ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు, పాటలన్నీ కంప్యూటర్లో ఎక్కించి ఉన్నాయి గదా అని ధీమా.

2019లో ఆ ఫ్లాపీలు నా చేతికొచ్చాయి. ఫ్లాపీ పెట్టే డ్రైవు సంపాదించడానికే నెల పట్టింది. ఒక ఫ్లాపీ చదివింది, ఫైలు తెరుచుకుంది. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య పౌను గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఐరోపా అక్షరాలు, తలకిందుల ప్రశ్నార్థకాలు. తెలుగు ముక్క ఒక్కటి లేదు. పక్కనే కూర్చున్న అత్త కళ్ళజోడు సర్దుకొని చూసి, "ఏమప్పా, మీ మామ ఈ పాటలు ఇంగ్లీషులో ఎప్పుడు రాసినాడు?" అంది.

ఆమెకు జవాబు చెప్పాలంటే అరవై ఏళ్ళ చరిత్ర చెప్పాలి. ఆ రోజు చెప్పలేకపోయాను. నేను బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, కంప్యూటరు శాస్త్రజ్ఞుణ్ణి కాను. కౌంటరు వెనక కూర్చొని చూసింది, తర్వాత చదివి తెలుసుకొన్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకెకు ఏ అక్షరం అనేది మనుషులు కూర్చొని చేసుకొన్న ఒప్పందం. అమెరికాలో 1963లో ఆస్కీ అనే ఒప్పందం కుదిరింది. అందులో ఉన్నవి 128 గళ్ళే. ఇంగ్లీషు పెద్ద ఎ అక్షరానికి 65. మరుసటి ఏడే ఐబీఎం వారు తమ పెద్ద యంత్రాలకు వేరే పట్టిక పెట్టుకొన్నారు. అందులో అదే అక్షరానికి 193. అంటే మొదటి నుంచీ రెండు చిట్టాలు, రెండు ఖాతా నంబర్లు! ఒక చిట్టాలోని ఖాతాను ఇంకో చిట్టాలో వెతికితే ఎవరి పేరు వస్తుందో దేవుడికెరుక.

అక్షరం వరకైతే ఆస్కీ చివరికి నెగ్గింది. కానీ ఉత్తరమంటే అక్షరాలొక్కటే కాదు. శీర్షిక లావుగా ఉండాలి, కింద గీత పడాలి, అంచులు సమానంగా రావాలి. ఈ వేషధారణను ఏ అంకెలతో చెప్పాలో ఎవరూ ఒప్పందం చేసుకోలేదు. ఎవరి ప్రోగ్రాము వారి ఇష్టం. 1978లో మైక్రోప్రో కంపెనీ తెచ్చిన వర్డ్‌స్టార్‌దే మన ఆఫీసుల్లో చాలాకాలం రాజ్యం. అది ప్రతి మాట చివరి అక్షరం అంకెకు 128 కలిపి దాచుకొనేది, పంక్తిని రెండు అంచులకూ సర్దేటప్పుడు మాట ఎక్కడ ముగిసిందో తెలియడానికి. తన ఇంట్లో తాను చదువుకొన్నంతకాలం చిక్కు లేదు. ఆ ఫైలును ఇంకోదానిలో తెరిస్తే మాటమాటకూ చివరి అక్షరం ఏ గ్రీకు అక్షరంగానో, ఏ గణిత చిహ్నంగానో కనబడేది.

బ్యాంకుల్లో కంప్యూటర్లకు దారి పడింది 1983లో యూనియన్లతో జరిగిన ఒప్పందంతోనూ, 1984 నాటి రంగరాజన్ కమిటీ నివేదికతోనూ. మొదట శాఖలకు వచ్చినవి లెడ్జర్లు రాసే యంత్రాలు. నేను 1993లో చేరేటప్పటికి మా ప్రాంతీయ కార్యాలయంలో మామూలు కంప్యూటర్లు రెండుండేవి. ఒకదాంట్లో వర్డ్‌స్టార్, ఇంకోదాంట్లో వర్డ్‌పర్ఫెక్ట్. ఎందుకలా అని అడిగే హోదా నాకు లేదు. ఒకసారి మొదటిదాంట్లో కొట్టిన సర్క్యులరును రెండోదాంట్లో తెరిచాము. మాటల చివర ఆ గ్రీకు అక్షరాలు చూసి మా పైఅధికారి వైరస్ పట్టిందని ఫ్లాపీని విరిపించి బుట్టలో వేయించాడు. ఆ సర్క్యులరు మళ్ళీ మొదటి నుంచీ కొట్టాల్సి వచ్చింది. కొట్టింది నేనే గనక బాగా గుర్తుంది.

దీనికి మధ్యేమార్గంగా మైక్రోసాఫ్ట్‌వారు 1987లో ఆర్‌టీఎఫ్ అనేది తెచ్చారు. వేషమంతా మామూలు ఆస్కీ అక్షరాలతోనే, మీసాల బ్రాకెట్ల నడుమ మాటలుగా రాసిపెట్టడం దాని పద్ధతి. ఫైలు లావెక్కుతుంది గానీ ఎవరైనా చదవగలరు. అదే కంపెనీ వర్డ్ 97తో తన సొంత డాక్ ఫైలు తీరు మార్చింది. వర్డ్ 95 ఉన్నవాళ్ళకు కొత్త ఫైళ్ళు తెరుచుకోలేదు. పాత తీరులో దాచమని అడిగితే వర్డ్ 97 మొదట్లో చేసిందేమిటంటే, లోపల ఆర్‌టీఎఫ్ రాసి పైన డాక్ అని పేరు తగిలించడం. ఇలాంటి పని మా బ్యాంకులో ఎవరైనా చేసి ఉంటే మెమో ఇచ్చేవాళ్ళం.

ఇది ఇంగ్లీషు కథ. మన అక్షరాల కథ ఇంకా చిక్కు, ఎందుకంటే వేషం మాట అటుంచి అసలు అక్షరానికే ఒప్పందం కుదరలేదు. కుదరలేదనడం కూడా పూర్తిగా న్యాయం కాదు. కుదిరింది, మనం పాటించలేదు. ఐఐటీ కాన్పూరులో మోహన్ తాంబే ప్రభృతుల కృషితో మొదలై, 1988లో పుణేలో పుట్టిన సీడాక్ సంస్థలో పెరిగిన జిస్ట్ అనే పరిజ్ఞానం ఒకటుంది. దానితోపాటే ఇస్కీ అనే సంకేతాల పట్టిక వచ్చింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ఐఎస్ 13194 పేరుతో దేశప్రమాణం చేసింది.

ఇస్కీలోని కిటుకు నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. మన లిపులన్నిటి వర్ణమాల ఒకటే గదా, కాబట్టి ధ్వనికి ఒక అంకె చాలు, లిపికి వేరే అంకె అక్కర్లేదు అన్నారు. తెలుగు క అయినా, కన్నడ క అయినా, హిందీ క అయినా 179. కంప్యూటర్లో జిస్ట్ కార్డు పెట్టుకొంటే, ఒక మీట నొక్కితే తెర మీది తెలుగు కన్నడ లిపిలోకి మారేది, మాట మారకుండా లిపి మాత్రమే. 1995 ప్రాంతంలో బెంగుళూరులో ఒక ప్రదర్శనలో దీన్ని చూసి నేను అక్కడే నిలబడిపోయాను. తెలుగు మాట్లాడి కన్నడం చదివే మా ఊరివాళ్ళకు ఇంతకన్నా పనికొచ్చే యంత్రం ఏముంటుంది? ఊరికొచ్చి మామకు చెబితే ఆయన నమ్మలేదు.

ఆ కార్డు మా ఊళ్ళదాకా రాలేదు. అది డాస్ నాటిది. 1992లో విండోస్ 3.1 వచ్చి, ట్రూటైప్ ఫాంట్లు వచ్చి, ఆట మారిపోయింది. ఫాంటు తయారు చేయడం ఎవరికైనా సాధ్యమయింది. డీటీపీవాళ్ళు ఒక అడ్డదారి కనిపెట్టారు. కంప్యూటరును ఇంగ్లీషనే అనుకోనివ్వండి, ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన గడిలో తెలుగు ముక్క బొమ్మ పెడదాం అన్నారు. తలకట్టుకొక గడి, గుడికొకటి, కొమ్ముకొకటి, ఒక్కో వత్తుకు ఒకటి. పేజ్‌మేకర్‌లో అందంగా కుదురుతుంది, లేజర్ ప్రింటులో ముద్దుగా వస్తుంది. 1990ల తెలుగు అచ్చంతా దీని మీదే నడిచింది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, కరపత్రాలు, బహుశా మీరు అప్పట్లో చదివిన ప్రతిదీ. దీన్ని తప్పుపట్టలేను, సీసం అచ్చులు పోయి ఊరూరా కంపోజింగు వచ్చింది దీని చలవే.

చిక్కల్లా ఏ ముక్క ఏ గడిలో అనేది ఎవరి ఇష్టం వారిది కావడం. అను, శ్రీలిపి, ఆకృతి... ఎవరి పట్టిక వారిదే. ఒక కంపెనీ తన పాత ఫాంట్లకూ కొత్త ఫాంట్లకూ కూడా పట్టిక మార్చేది. కన్నడంవాళ్ళకూ ఇదే పాట్లు. అయితే వాళ్ళ ప్రభుత్వం కొంత ముందుగా మేలుకొని ఫాంటు గళ్ళకు ఒక ప్రమాణం పెట్టించి, కన్నడ గణక పరిషత్తు చేత నుడి తయారు చేయించింది. మన తెలుగు కంపెనీలకు ఉమ్మడి పట్టిక లేదు. పాఠకులు నొచ్చుకోకూడదు గానీ, ఈ విషయంలో అవతలి ఇంటివాళ్ళు మనకన్నా నయం.

పైగా ఈ దొంగ ఇంగ్లీషును వర్డ్ నిజం ఇంగ్లీషే అనుకొంటుంది. వాక్యం మొదటి అక్షరం చిన్నదుంటే తానే పెద్దది చేస్తుంది. ఇంగ్లీషులో అది ఉపకారం. తెలుగు ఫాంటులో చిన్న అక్షరం గడిలో ఒక ముక్క, పెద్ద అక్షరం గడిలో వేరొక ముక్క ఉంటాయి గనక, ఆ ఉపకారం వల్ల ప్రతి వాక్యం మొదట్లో ఒక అక్షరం మారిపోతుంది. ఇక మెకింటాష్ నుంచి మామూలు పీసీకి ఫైలు తెస్తే 128 దాటిన గళ్ళన్నీ తారుమారు, రెండిటి పట్టికలూ అక్కడ వేరు. తలకట్లు నిలిచి వత్తులు కొట్టుకుపోయిన పేజీలను నేను కళ్ళారా చూశాను.

దూరదేశాల్లోని తెలుగువాళ్ళు ఇంకో దారి తొక్కారు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే నియమంగా రాసే ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టారు. అందులో ఉన్నది శుద్ధ ఆస్కీ గనక ఏ యంత్రంలోనైనా చెడదు. కెనడాలో విన్నిపెగ్‌లో ఉండిన తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు.

అసలు మందు 1991లోనే తయారైంది. దాని పేరు యూనికోడ్. ప్రపంచంలోని లిపులన్నిటికీ తలా ఒక పేట. మన పేటను ఇస్కీ వరుసలోనే కట్టారు. తెలుగు క 3093, కన్నడ క 3221. తేడా సరిగ్గా 128. ఖ చూసినా, గ చూసినా, గుడి దీర్ఘం చూసినా అంతే తేడా. రెండు పేటలూ పక్కపక్కనే, గోడకు గోడ. మా పావగడకూ మడకశిరకూ ఉన్నట్టే!

మందు తయారైనా మన అంగడికి రావడానికి పదేళ్ళు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటూ, తుంగ అనే కన్నడ ఫాంటూ వచ్చాయి. అందులోనూ సెట్టింగుల లోపలికి వెళ్ళి అదనపు ఫైళ్ళు ఎక్కించుకొంటే తప్ప వత్తులు సరిగా కుదిరేవి కావు. ఆ పట్టిక ఇంకా పెరుగుతూనే ఉంది. ౘ, ౙ అక్షరాలకు 2008లో చోటు దొరికింది. పాత అచ్చు పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు 2021లో దొరికింది, తెలుగుకూ కన్నడానికీ ఒకేసారి.

వేషం సంగతి మరిచాననుకోకండి. దానికీ అంతర్జాతీయ ఒప్పందాలు వచ్చాయి, అదీ ఒకటి కాదు, రెండు. ఓడీఎఫ్ 2006లో, మైక్రోసాఫ్ట్ వారిది 2008లో ప్రమాణాలయ్యాయి. రెండోదానికి మన దేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. ఒక పనికి రెండు ప్రమాణాలెందుకనేది విమర్శకులు అడిగిన ప్రశ్న. నాకూ సబబుగానే తోచింది. ఇక పీడీఎఫ్ ఫాంటును వెంట మోసుకుపోతుంది గనక ఎక్కడైనా కనబడటం సరిగానే కనబడుతుంది. పాత తెలుగు ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లోంచి ఒక పంక్తి కాపీ చేసి చూడండి, మళ్ళీ అదే పౌను గుర్తులు.

మామ ఫ్లాపీ దగ్గరికొద్దాం. ఏ ఫాంటో తెలిస్తే సగం పని అయినట్టే. ఇలాంటివి మార్చడానికి నాగార్జున వెన్నగారు పద్మ అనే పనిముట్టు చేసి ఉంచారు. చాలా ఫాంట్లు దానికి తెలుసు. మా ఫాంటు తెలియదు. ఫైల్లో ఫాంటు పేరుంది గానీ ఆ పేరుగల ఫాంటు ఎక్కడా దొరకలేదు. ఆ అంగడి మూతపడి చాలా ఏళ్ళయింది.

మిగిలింది పదకొండు పేజీల ప్రూఫు. అప్పుడు నాకు తెలిసిన విద్యే అక్కరకొచ్చింది. రెండు బ్యాంకుల మధ్య లెక్క తేలనప్పుడు వాళ్ళ స్టేట్‌మెంటూ మన లెడ్జరూ పక్కపక్కన పెట్టి, పద్దు పద్దుకూ టిక్కు కొడతాం గదా. అలాగే ఎడమవైపు తెర మీది పిచ్చి అక్షరం, కుడివైపు ప్రూఫులోని తెలుగు ముక్క. ఎక్సెల్ షీటులో వరుస కట్టుకొంటూ పోయాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక గంట చొప్పున ఏడు వారాలు పట్టింది. 171 గళ్ళు తేలాయి.

గళ్ళు తేలితే సరిపోదని తర్వాత తెలిసింది. ఈ ఫాంటు మ అక్షరాన్ని వ కు ఒక తోక తగిలించి తయారు చేస్తుంది. ఆ సంగతి గమనించకముందు మామ అన్నచోటల్లా వ లే వచ్చాయి, వెనక ఏదో చెత్తతో. ఇంకొకటి వరుస సంగతి. స్త్రీ అనే మాట తీసుకోండి. పాత ఫాంటు చూపు వరుసలో సీ ముందు కొట్టి, కింద త వత్తు, ర వత్తు చేరుస్తుంది. యూనికోడ్ మనం పలికే వరుసలో స, త, ర అయ్యాక చివర దీర్ఘం పెడుతుంది. కాబట్టి ప్రతి వత్తు ముందున్న గుణింతాన్ని వెనక్కి జరపాలి. ఈ పని మా అమ్మాయి చిన్న ప్రోగ్రాము రాసి చేసిపెట్టింది. "నాన్నా, నీ షీటులో నాలుగు గళ్ళకు రెండేసి జవాబులున్నాయి" అని తప్పు కూడా పట్టుకొంది. బ్యాంకులోనైతే ఇన్‌స్పెక్షనుకు పనికొచ్చే పిల్ల.

చివరికి 63 పాటలు తెలుగులోకొచ్చాయి. అన్నీ తెర మీద పెట్టి అత్తకు చదివి వినిపించాను. ఆమె వింటూ వింటూ, "అట్ల కాదప్పా, ఆడ 'గువ్వ' అనల్ల" అని సరిదిద్దింది. అలా ముప్పై దాకా దిద్దుబాట్లు. కొన్ని నా పట్టిక తప్పులు, కొన్ని 1997 నాటి కంపోజింగు తప్పులు. రెండు చోట్ల మామే తప్పు విన్నాడని ఆమె పట్టుబట్టింది. అవి అడుగున రాసిపెట్టాను.

తర్వాత ప్రతి అంకెకూ 128 కలిపాము. ౘ, ౙ లకు అవతలి పేటలో గది లేదు గానీ ఈ ఫైల్లో అవి లేవు. అరనిమిషంలో 63 పాటలూ కన్నడ లిపిలోకొచ్చాయి. అత్త మనవరాలు హైస్కూలు పిల్ల, తెలుగు అక్షరం తెలియదు. కాగితం తీసుకొని కోలాటం పాట ఒకటి గడగడా చదివింది. సగానికొచ్చేసరికి అత్త రాగం అందుకొంది. 1995లో నేను చెబితే మామ నమ్మని సంగతి అది.

కిందటేడు రెండు లిపుల్లోనూ చిన్న పుస్తకం వేద్దామని ప్రెస్సుకు పోయాను. యూనికోడ్ ఫైలు ఇస్తే ఆ కుర్రవాడు చూసి, "సార్, ఇది మా పేజ్‌మేకర్‌లో రాదు, పాత ఫాంటులోకి మార్చి తెచ్చివ్వండి" అన్నాడు. పేజ్‌మేకర్ చివరి వెర్షను వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలియదు. 2012 నుంచి ఇన్‌డిజైన్‌లో మన లిపులు కుదురుతున్నాయి గానీ అలవాటైన చేయి మారదు. ఏడు వారాలు కష్టపడి బయటికి లాగినదాన్ని మళ్ళీ ఆ గళ్ళలోకి నెట్టమంటాడు! ఆ ప్రెస్సు వదిలి ఇంకోటి చూసుకొన్నాను. ఖర్చు కొంచెం ఎక్కువైంది.

రెండో ఫ్లాపీ ఇంకా అలాగే ఉంది. బెంగుళూరులో ఇద్దరికి చూపించాను, చదవలేదు. తత్వాలన్నీ అందులోనే ఉన్నట్టుంది, మొదటిదాంట్లో ఒక్కటీ లేదు. 1996-98 ప్రాంతంలో హిందూపురంలో కంపోజింగు చేయించుకొన్నవాళ్ళ దగ్గర పాత ఫ్లాపీలో, ఫాంటు డిస్కులో, మామ పాటల ప్రూఫు కాగితాలో ఉంటే దయచేసి పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి. ఫ్లాపీలుంటే మాత్రం దొరికిన డ్రైవులో పెట్టి చూడకండి. హెడ్డు మీద దుమ్ముంటే పూత గీసుకుపోతుంది. మా రెండో ఫ్లాపీ అలా గీసుకుపోయిందే, గీసింది నేనే.